పేర్లు మార్చుకున్న గుట్టలు

పద్మాక్షి గుండంలో నేను ఎన్ని బతుకమ్మలు వేశానో లెక్కలేదు. చిన్నప్పుడు అమ్మ వెంట, పెండ్లయ్యాక తోటికోడళ్ల వెంట. గునుగుపూలకు అద్దిన రంగు చేతులకు అంటుకుని, పాటలు అయిపోయేసరికి గొంతు బొంగురుపోయి ఇంటికి వచ్చేదాన్ని. ఎప్పుడైనా గుట్ట కూడా ఎక్కేవాళ్లం. అమ్మవారికి దండం పెట్టుకుని, పైన కూచుని సత్తుపిండి తిని దిగేవాళ్లం. ఆ గుట్ట మీది రాళ్లను నిలబడి తేరిపార చూసింది మాత్రం నా 57వ ఏట.

అందుకు కారణం అమెరికాలోని ఒక నల్లరాతి గట్టు. మా బిడ్డ న్యూ మెక్సికోలో, అల్బుకర్కీలో ఉంటుంది. నిరుడు అక్కడికి పోయినప్పుడు ఊరి పడమటి అంచున ఉన్న పెట్రోగ్లిఫ్ నేషనల్ మాన్యుమెంట్‌కు తీసుకుపోయారు. ఎప్పుడో అగ్నిపర్వతం కక్కిన నల్లటి రాళ్లు కిలోమీటర్ల కొద్దీ పడి ఉన్నాయి. వాటి మీద సుమారు 24,000 బొమ్మలు. పక్షులు, పాములు, అరచేతులు, ముఖాలు, సుడులు. రాయితో రాయిని కొట్టి పైనున్న నల్లటి పొరను లేపితే కింద లేతరంగు బయటపడుతుంది, అదే గీత. చాలామట్టుకు 400 నుంచి 700 ఏళ్ల కిందటివట. మరుసటి రోజు బాండెలియర్ లోయలో నిచ్చెన ఎక్కి, మెత్తటి కొండను తొలిచి కట్టుకున్న గదుల్లో తొంగిచూశాను. మోకాళ్లు రెండు రోజులు నొప్పి పెట్టాయి.

అక్కడి గైడు ఒక మాట చెప్పింది. ఈ ఇండ్లు కట్టినవాళ్లను పుస్తకాల్లో చాలాకాలం ‘అనసాజీ’ అని రాశారట. అది పక్కనుండే నవాహో జాతివాళ్ల మాట. పుయెబ్లో జనానికి అది నచ్చదు. వాళ్లు ఎవరో మాయమైపోయిన మనుషులు కారు, మా తాతముత్తాతలే, మేమింకా ఇక్కడే ఉన్నాం కదా, అంటారట. అందుకని ఇప్పుడు ఆ పేరు వాడటం చాలావరకు మానేశారు.

తిరిగి వస్తుంటే కారులో మా అల్లుడు అడిగాడు: “అత్తమ్మా, మన వరంగల్ దిక్కు గిసొంటియి లేవా?”

“రాజుల గుళ్లున్నయి గని, గిసొంటియి మన దగ్గర ఎక్కడియి బిడ్డా” అని టక్కున అనేశాను. అనుడు అయితే అన్నాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకు తెలియకపోవడాన్ని లేకపోవడంగా చెప్పేశానేమో అనిపించింది.

ఇంటికొచ్చాక మార్గశిరంలో, ఎండ మెత్తబడ్డాక, మా చెల్లె కొడుకును వెంటేసుకుని బయల్దేరాను. వాడు భూగర్భశాస్త్రం చదువుతున్నాడు. రాయి కనబడితే గుడిలో ఉన్నామని కూడా మరిచిపోయి గోటితో గీరి చూస్తాడు. మూడు రోజులు. ఊరి నుంచి ఊరికి బస్సు, గుట్ట దగ్గర నడక.

మొదటి రోజు పొద్దున్నే పద్మాక్షి గుట్ట. గుండంలో నీళ్లు పాచిపట్టి ఆకుపచ్చగా ఉన్నాయి. బతుకమ్మ రోజుల జనం లేకపోతే ఆ చోటు ఎంత చిన్నదో తెలుస్తుంది. మెట్లెక్కి పైకి పోతే గుడి. గుడి అంటాం గానీ నిజానికి అది పెద్ద బండకు ఆనించి కట్టిన గది. అమ్మవారు ఆ బండలోనే ఉంది. ఆమె పక్కనే, రంగులు పూసి ఉన్న పెద్ద మూర్తి, తల మీద పాము పడగలు. ఇన్నేండ్లూ ఆయన్ను నేను ఏ దేవుడనుకున్నానో కూడా గుర్తులేదు. ఆయన పార్శ్వనాథుడు, జైనుల ఇరవై మూడో తీర్థంకరుడు. ఒక పక్కన యక్షుడు ధరణేంద్రుడు. మరో పక్కన యక్షిణి పద్మావతి. మా పద్మాక్షమ్మ ఆమే.

గుడి ముందర నల్లరాతి స్తంభం ఉంది. నాలుగు ముఖాలు, పైన నాలుగు వైపులా కూచున్న తీర్థంకరులు, కింద సన్నటి అక్షరాలు. నేనూ ఆ స్తంభానికి ఆనుకుని సేద తీర్చుకున్నదాన్నే. అది 1117 నాటి శాసనం. కాకతీయులు అప్పటికింకా స్వతంత్రులు కారు. కల్యాణి చాళుక్యుల కింద, చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుడికి సామంతుడిగా రెండో ప్రోలరాజు హనుమకొండ ఏలుతున్నాడు. ప్రోలరాజు మంత్రి బేతన. ఆ బేతన భార్య మైలమ ఈ గుట్ట మీద కడలాలయ బసది అనే జైన గుడి కట్టించి, దాని ఖర్చులకు భూమి రాసిచ్చింది. శాసనం భాష కన్నడం. ఓరుగల్లు నడిబొడ్డున కన్నడ శాసనమేమిటని మా పిల్లవాడు ఆశ్చర్యపోయాడు. ఏలిక భాష కన్నడమైనప్పుడు సామంతుడి కొలువులో రాత కూడా అందులోనే సాగుతుంది, నీ డిగ్రీ ఇంగ్లిష్‌లో ఎందుకుందో ఇదీ అందుకే ఉంది అన్నాను. మారు మాట్లాడలేదు.

అదే శాసనంలో ఇంకో దాత ఉన్నాడు, ఉగ్రవాడి మేళరసు. ఆయన తన వంశం గొప్ప చెప్పుకోవడానికి మూలపురుషుడు మాధవవర్మను తలుచుకున్నాడు. ఆ మాధవవర్మకు ఎనిమిది వేల ఏనుగులు, పది కోట్ల గుర్రాలు ఉండేవట. పది కోట్లు! దేశంలోని గడ్డి మొత్తం చాలదు. మైలమ మాత్రం తన గురించి ఇంత ఆర్భాటం చేసుకోలేదు. ఇప్పటికి 900 ఏండ్లు దాటింది. ఏటా సద్దుల బతుకమ్మ నాడు వేలమంది ఆడవాళ్లు ఆమె కట్టించిన చోటికి వస్తున్నారు, ఆమె పేరు తెలియకుండానే.

బసది పోయి అమ్మవారి గుడి ఎట్లయింది, ఎవరు మార్చారు, కొట్లాటలు జరిగాయా అని చరిత్రకారులు వాదించుకుంటారు. నాకు ఆ పొద్దు ఆ రంగుల ముందు నిలబడితే వేరే సంగతి తోచింది. విగ్రహాన్ని ఎవరూ పగలగొట్టలేదు. పేరు మారింది, పూజ మారింది, పసుపు కుంకుమలు వచ్చాయి, రాయి మాత్రం అట్లనే ఉంది. జైన యక్షిణి ఎల్లమ్మలకూ పోచమ్మలకూ అక్కచెల్లెలు అయిపోయింది.

అక్కడి నుంచి హనుమకొండ సందుల్లోంచే నడిచి అగ్గలయ్య గుట్టకు పోవచ్చు. చుట్టూ ఇండ్లు, డాబాల మీద బట్టలు ఆరేసి ఉంటాయి. మధ్యలో గుండ్రటి గ్రానైట్ బండ. దాని ముఖం మీద నిలువెత్తున చెక్కిన దిగంబర మూర్తి, సుమారు 30 అడుగులు. శాంతినాథుడంటారు. పార్శ్వనాథుడూ ఉన్నాడు. చేతులు మోకాళ్ల దాకా దించి, ఎటూ చూడకుండా నిలబడి ఉన్నాడాయన. కింద ఒక పిల్లవాడు గాలిపటం ఎగరేస్తున్నాడు. దారం ఆయన భుజానికి చిక్కుకుంది, తీసుకోవడానికి ఎక్కడానికి లేదు. చాలాసేపు ముగ్గురం తలలెత్తి చూస్తూ ఉండిపోయాం.

అగ్గలయ్య దేవుడు కాదు, రాజు కాదు. వైద్యుడు. చాళుక్య జయసింహుడి కాలంవాడు. యాదగిరిగుట్ట దగ్గరి సైదాపురంలో దొరికిన 1034 నాటి శాసనం ఆయన్ను పొగుడుతుంది. ‘నరవైద్య’ అని బిరుదు, శస్త్రచికిత్సలో దిట్ట, జైనుడు. ఆయన పేరే ఈ గుట్టకు నిలిచిందంటారు. ఒక డాక్టరు పేరు వెయ్యేండ్లు గుట్ట మీద ఉండటం చాలా బాగుంది. ఇప్పుడు అదే హనుమకొండలో సందుకొక నర్సింగ్‌హోమ్ బోర్డు ఉంది, చూద్దాం ఏది నిలుస్తుందో.

మధ్యాహ్నం వేయిస్తంభాల గుడి, సాయంత్రం ఖిలా వరంగల్. వాటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను రాయను. ఒక్క మాట. రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కిన ఆ తోరణాల మధ్య ఫొటోలు దిగేవాళ్లంతా వెళ్లిపోయాక, పక్కనున్న ఏకశిల గుట్ట ఎక్కండి. ఊరికి ఓరుగల్లు అన్న పేరు ఆ ఒంటిరాయి నుంచి వచ్చిందే. పైనుంచి చూస్తే కోట గుండ్రంగా, రాతిగోడ లోపల, మట్టికట్ట బయట, నీళ్లలో రాయి వేసినప్పటి వలయాల్లాగా ఉంటుంది. 1323లో ఢిల్లీ సేనలకు కూలిన రాజధాని అంటాం. కింద చూస్తే పత్తిచేన్లున్నాయి, ఇండ్ల పొయ్యిల నుంచి పొగ లేస్తోంది, ఎవరో గొడ్లను తోలుకుపోతున్నారు. కోట కూలింది గానీ ఊరు ఖాళీ కాలేదు.

రెండో రోజు బస్సు పరకాల మీదుగా పోతుంటే మావాడు కిటికీలోంచి కండ్లు తిప్పలేదు. హనుమకొండ దాటాక చాలాసేపు గుండ్రటి గ్రానైట్ బండలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. రేగొండ దగ్గర పడేసరికి గుట్టల తీరు మారింది. పలకలు పలకలుగా, గోడల్లాగా, అంచులు ముందుకు వాలి.

“పెద్దమ్మా, గ్రానైట్ అయిపోయింది. ఇది ఇసుకరాయి” అన్నాడు.

“అయితే ఏంది?”

“గ్రానైట్ ఉల్లిపాయలెక్క పొరలు లేస్తది. అందుకే బండలు గుండ్రంగా ఉంటయి. దాని మీద నీడ దొరకది, వాన ఆగది. చెక్కాల్సిందే. ఇసుకరాయి కింద మెత్తటి పొర ముందు అరిగిపోయి పైది చూరులెక్క మిగుల్తది. కింద కూచోవచ్చు, గోడ మీద బొమ్మ ఏసుకోవచ్చు, వాన తగలది.”

నేను యాభై ఏండ్ల నుంచి ఈ తొవ్వన పోతున్నాను, చుట్టాల పెండ్లిళ్లకు, చావులకు. ఈ మార్పు ఒక్కసారీ కంటబడలేదు.

పాండవుల గుట్టకు రేగొండ నుంచి రావులపల్లి వైపు ఆటోలో పోయి, అక్కడి నుంచి నడవాలి. తొవ్వకు రెండు వైపులా టేకు, తునికి, కింద ఎండిన ఆకు. కాలు పెడితే చప్పుడు. ఊరి నుంచి తోడు వచ్చిన మనిషి ముందు నడుస్తూ ఒక్కో చోటు పేరు చెబుతుంటే నాకు బడిలో హాజరు పిలుస్తున్నట్టుగా ఉంది: ఎదురు పాండవులు, గొంతెమ్మ గుట్ట, ముంగిస బండ, తుపాకుల గుండు. గొంతెమ్మ అంటే కుంతీదేవి. ఎవరైనా తీరని కోరిక కోరితే గొంతెమ్మ కోరిక అంటాం కదా, ఆ గొంతెమ్మ. పుస్తకాల్లోని కుంతి ఈ అడవిలోకి ఎప్పుడొచ్చిందో గానీ, కోడళ్లున్న ఇంటి అత్తలాగా ఇక్కడొక గుట్టనే తన పేర రాయించుకుంది.

బండలు పట్టుకుని, ఒక చోట కూచుని జారి, ఒక చోట మావాడు చెయ్యి ఇస్తే ఎక్కి, చూరు కిందికి చేరాం. మొదట ఏమీ కనబడలేదు. బయటి వెలుగు కండ్లలో ఉన్నంతసేపు కనబడవు. కొంచెంసేపు ఆగాలి. నీళ్లు తాగి, చెమట తుడుచుకుని, మళ్లీ చూస్తే ఒక మూపురం కనబడింది. తర్వాత కొమ్ములు. అడవిదున్న. దాని పక్కన దుప్పి. ఇంకాసేపటికి గోడ నిండిపోయింది. పులి, చిరుత, విల్లు పట్టిన మనిషి, గుండ్రాలు, చతురస్రాలు, స్వస్తిక. కొన్ని ఎరుపు, కొన్ని తెలుపు, అక్కడక్కడా పసుపు, ఆకుపచ్చ. ఒకదాని మీద ఒకటి వేసినవి చాలా ఉన్నాయి. కింది బొమ్మను చెరిపేద్దామని కాదు, ఆ గోడ అంటే అందరికీ ఇష్టం కాబట్టి.

ఇవి 1990లో లోకం కంటబడ్డాయి. అల్బుకర్కీ గట్టును నేషనల్ మాన్యుమెంట్‌గా ప్రకటించింది కూడా 1990లోనే. మధ్యరాతియుగం నుంచి మొదలుపెట్టి మధ్యయుగాల దాకా ఈ గుట్టల్లో ఎవరో ఒకరు గీస్తూనే ఉన్నారు. కత్తులూ బల్లేలూ పట్టిన మనుషులు తర్వాతి కాలం వాళ్లు. మరో గుహలో పాండవులనే బొమ్మలూ ఉన్నాయి, వాటి గీత చూస్తే గుడి గోడల చిత్రాలకు చుట్టరికం తెలుస్తుంది. దున్న ఎప్పటిదో చెప్పడం అంత సులువు కాదు, ఎవరు వేశారో అసలే చెప్పలేం.

నాకు ఆ ఎరుపు తెలుసు. జాజు. మా అమ్మ పండుగ ముందు గడపకూ గద్దెకూ పూసేది అదే, జేగురుమన్ను నీళ్లలో కలిపి, పాత బట్టతో. ఇనుము తుప్పులో ఉండే రంగే అది, ఎండకు వెలవదు అని మావాడు చెప్పాడు. గుడ్డతో ఎట్లా పూస్తామో, రాయి మీద గుంటల్లోకి రంగు దిగడానికి ఎట్లా అదుముతామో నా చేతికి గుర్తుంది. ఒకచోట దున్న వెన్ను గీత మధ్యలో సన్నబడి మళ్లీ లావైంది. రంగు అయిపోతే మళ్లీ ముంచుకున్నట్టున్నారు. నా వేలు ఆ గీత దగ్గరిదాకా పోయింది. మావాడు “పెద్దమ్మా, ముట్టకు” అని గట్టిగా అనేసరికి వెనక్కి తీసుకున్నాను. చేతి జిడ్డు తగిలితే పాడవుతుందట. పెద్దమ్మను మందలించే అవకాశం దొరికినందుకు వాడి మొహం వెలిగిపోయింది.

అందరూ వాడిలాగా లేరు. కిందివైపు బండ మీద సున్నంతో ప్రేమికుల పేర్లున్నాయి. ఫలానా ప్లస్ ఫలానా, తేదీతో సహా. రాయి మీద పేరు రాయాలన్న బుద్ధి ఎంత పాతదో ఆ గోడే సాక్ష్యం అనుకుంటే కోపం కొంచెం తగ్గింది, అంతా పోలేదు.

మూడో రోజు ములుగు, పస్రా దాటి తాడ్వాయి. మేడారం జాతర లేని ఏడు కాబట్టి రోడ్డు ఖాళీగా ఉంది. దామరవాయిలో ఒక కోయ పెద్దమనిషి తోడు వస్తానన్నాడు. భుజాన గొడ్డలి, కాలికి రబ్బరు చెప్పులు. నేను రెండు వేల రూపాయల బూట్లతో జారినచోట ఆయన నిలబడి బీడీ ముట్టించుకున్నాడు.

గుట్ట పైకి చేరాక ఆయన గొడ్డలితో చూపించాడు: “గివే అమ్మా, రాకాసి గుళ్లు.”

చెట్ల మధ్య రాతి ఇండ్లు. నాలుగు పక్కలా నిలువు పలకలు, పైన ఒకే ఒక పెద్ద పలక కప్పు. కొన్నిట్లో మనిషి వంగి దూరవచ్చు. ఒకటి చూసి అదొక్కటే అనుకునేలోపు పక్కన ఇంకోటి, చెట్టు చాటున మరోటి, వాలు మీద వరసగా ఇంకా. వందకు పైగా ఉన్నాయి. లోపల వంగి చూస్తే నేల మీద రాతి తొట్టి, ఒకే రాయిని తొలిచి చేసినది, గొడ్లకు కుడితి పోసే తొట్టిలాగా. అందులో చచ్చిపోయినవాళ్ల ఎముకలు పెట్టేవారు. ఇనుపయుగం నాటి సమాధులు, సామాన్యశకానికి ముందరి వెయ్యేండ్లలోవి. 1868లో కెప్టెన్ ముల్హెరాన్ అనే బ్రిటిష్ అధికారి మల్లూరు వైపు గుట్టల మీది ఇట్లాంటివాటి గురించి రాశాడు. అప్పటికే వాటిని చూసి చుట్టుపక్కల జనం భయపడేవారో, అలవాటుపడి ఉండేవారో ఆయన కోయవాళ్లను అడిగి ఉంటే బాగుండేది.

ఈ పలకలను ఎట్లా తీశారంటే మళ్లీ ఇసుకరాయే. పొర పొరకు మధ్య సందులో ఉలి దించితే పలక లేస్తుంది. లేపడం వేరు, గుట్ట మీద నిలబెట్టి కప్పు ఎక్కించడం వేరు. పది మంది వల్ల అయ్యే పని కాదు. ఒక మనిషి చనిపోతే ఊరంతా పని మానుకుని రాయి మోసిందన్నమాట. తాము ఉన్న ఇండ్లు గడ్డివో మట్టివో, ఒక్కటీ మిగల్లేదు. పోయినవాళ్లకు మాత్రం రాతి ఇల్లు.

మనవాళ్ల లెక్క ఒకటి నాకు ఈ మూడు రోజుల్లో పట్టుబడింది. పని సన్నంగా ఉంటే పాండవులు చేశారంటారు, బరువుగా ఉంటే రాక్షసులు చేశారంటారు. మామూలు మనుషులు చేశారంటే మాత్రం ఒప్పుకోరు. నవాహోలు పుయెబ్లోల పూర్వీకులకు పేరు పెట్టినట్టు, ఇక్కడ మన పూర్వీకులకు మనమే పరాయి పేర్లు పెట్టుకున్నాం. అయితే ఆ పేర్లే కాపలా కాశాయేమో కూడా. రాకాసి గుడి రాళ్లు తెచ్చి ఇంటికి మెట్లు వేసుకోవడానికి ఎవరికి ధైర్యం వస్తుంది? భయం లేనివాళ్లు గుప్తనిధుల వేటగాళ్లే. రెండు మూడు గుళ్ల కప్పులు పక్కకు తోసి, తొట్లు బోర్లించి ఉన్నాయి. ఎముకల ఇంట్లో బంగారం వెతికినవాళ్లు.

తొట్టి పక్కన మట్టిలో మావాడికి ఎర్రటి పెంకు ముక్క ఒకటి దొరికింది, ఒకవైపు నలుపు. అటు తిప్పి ఇటు తిప్పి చూసి జేబు దగ్గరికి తీసుకుపోయాడు. పెద్దమనిషి ఏమీ అనలేదు, చూశాడంతే. వాడు దాన్ని ఉన్న చోటనే పెట్టి పైన మట్టి కప్పాడు.

సద్దిమూట విప్పి ముగ్గురం ఒక గుడి నీడన కూచున్నాం. జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు. తింటూ ఆయన అడిగాడు: “మీ ఊళ్ల గూడ ఉన్నయా అమ్మా, గిట్లాంటియి?”

“గిట్లాంటియి కావు గని, గుట్ట మీద అమ్మవారున్నది. పాతదే.”

“ఎవలు కట్టిన్రు? రాకాసులేనా?”

“కాదయ్యా. మైలమ అని ఒకామె. మంత్రి పెండ్లాం.”

ఆయన రొట్టె తుంచబోతూ ఆగాడు. “పేరు గూడ తెల్సా!” అన్నాడు.